సాయంకాలపు విత్తనము



కిందటి సంవత్సరము కోతల పండుగ ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక మాస్టారు నన్ను పలకరించారు. ముప్పై ఏండ్లకు పైగా పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పిల్లలు పెండ్లిళ్లు అయి దూరాన స్థిరపడ్డారు. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. “అయ్యగారూ, యౌవనస్థుల కూడికలో మా ఇద్దరికీ చేతనైన పని ఏదైనా ఉంటే చెప్పండి” అన్నారు. ఆయన భార్య పక్కనే నిలబడి నా జవాబు కోసము చూస్తున్నారు.

నేను నవ్వి, “ఇన్నేండ్లు కష్టపడ్డారు మాస్టారూ. ఇక హాయిగా కూర్చుని మా కోసము ప్రార్థన చేయండి, అదే చాలు” అన్నాను. మర్యాదగా మాట్లాడాననే అనుకున్నాను. వారు తలూపి ఇంటికి వెళ్లిపోయారు.

రెండు నెలలు తిరగలేదు, మా పాటల బృందములో డోలక్ వాయించే అబ్బాయి ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచి వెళ్లాడు. ప్రతి ఆదివారము నేను గుమ్మము దగ్గర చేయి కలిపి, “బాగున్నావా బాబూ?” అని అడిగేవాడిని. “బాగున్నానండి అయ్యగారూ” అనేవాడు. తండ్రి వైద్యానికి వడ్డీకి తెచ్చిన అప్పు పెరిగిపోయి, నలుగురిలో తల ఎత్తుకోలేక వెళ్లిపోయాడని తరువాత తెలిసింది. నాకు చెప్పినది మాస్టారి భార్య. వారి ఇంటి ముందు బోరింగు ఉంది. నీళ్లకు వచ్చినప్పుడల్లా ఆ అబ్బాయి అరుగు మీద కూర్చుని ఆమెతో మాట్లాడేవాడట.

“అయ్యగారికి చెప్పుకో నాయనా అన్నానండి,” అన్నారామె. “అయ్యగారితో చెప్పే మాటలు వేరు మామ్మా అన్నాడు.”

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నాతో చెప్పే మాటలు వేరు, మామ్మతో చెప్పే మాటలు వేరు. ఆ రోజులలోనే, వేదాంత పాఠశాలలో పరీక్ష కోసము ఎప్పుడో చదివి మరచిపోయిన ఒక మిషనెరీ దంపతుల చరిత్రను మరల తీసి చదివాను. ఈ నెల మీతో చెప్పాలనుకున్నది వారి సంగతే.

రెండు భాషల తీరము

ఆస్ట్రేలియాకు ఉత్తరాన, భూమధ్యరేఖకు కాస్త దిగువన న్యూగినీ అనే ద్వీపమున్నది. గ్రీన్‌లాండ్ తరువాత ప్రపంచములో అంత పెద్ద ద్వీపము మరొకటి లేదు. నడుమ మేఘాలను తాకే పర్వతాలు, చుట్టూ కొబ్బరిచెట్ల తీరాలు, వందల కొలది భాషలు. దాని తూర్పు సగము ఇప్పుడు పాపువా న్యూగినీ అనే దేశములో ఉన్నది. 1975లో ఆ దేశానికి స్వాతంత్ర్యము వచ్చింది.

ఈ ద్వీపానికి 1874లో విలియం జార్జ్ లాజ్, ఆయన భార్య ఫ్యానీ వచ్చారు. లాజ్ గారు ఇంగ్లండులోని ఒక పల్లెలో దర్జీ కుమారుడు. 1839లో పుట్టి, ఊరి బడిలో చదువుకుని, పద్నాలుగో ఏటనే పనికి కుదిరారు. లండన్ మిషనెరీ సొసైటీ ఆయనను పంపినప్పుడు వయస్సు ఇరువది ఒకటి. కొత్తగా పెండ్లయిన ఆ జంట 1861లో నియూ అనే చిన్న పసిఫిక్ ద్వీపానికి చేరి, అక్కడ పది సంవత్సరాలకు పైగా పరిచర్య చేశారు. ఆ తరువాత పోర్ట్ మోర్స్‌బీ రేవుకు వచ్చి కాపురము పెట్టారు. ఆ తీరాన నివాసమున్న మొదటి తెల్ల స్త్రీ ఫ్యానీ గారే.

వారికంటె ముందే అక్కడ సువార్త చెప్పిన వారున్నారని మరువకూడదు. కుక్ ద్వీపాల నుండి వచ్చిన గోధుమ వర్ణపు బోధకులు, వారి భార్యలు 1873లోనే ఆ రేవులో దిగారు. వారిలో రువాటోకా అనే సహోదరుడు 1903లో చనిపోయే వరకు ముప్పై ఏండ్లు అక్కడే సేవ చేశాడు. ఆ బోధకులలో చాలామంది, వారి భార్యాబిడ్డలు జ్వరాలతో ఆ మట్టిలోనే కలిసిపోయారు. ఆ జ్వరము ఎందుకు వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. చిత్తడి నేల మీది చెడుగాలి వలన అనుకునేవారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ దొర మన సికింద్రాబాదులో కనుగొన్నది 1897 ఆగస్టు 20న. అప్పటికి లాజ్ దంపతులు న్యూగినీకి వచ్చి ఇరువది మూడు సంవత్సరాలు.

పోర్ట్ మోర్స్‌బీ తీరవాసులను మోటు ప్రజలంటారు. సముద్రపు నీటిలో గుంజలు పాతి వాటిపై ఇండ్లు కట్టుకునేవారు. స్త్రీలు మట్టి కుండలు చేసేవారు. ఏటేటా మగవారు దోనెలను కలిపి కట్టిన పెద్ద ఓడలలో ఆ కుండలు నింపుకుని, గాలివాటు చూసి పడమటి తీరానికి పోయి, అక్కడి సాగో పిండితో తిరిగి వచ్చేవారు. అన్యులతో బేరమాడే ఈ ప్రజలకు అన్యులతో మాట్లాడడానికి ఒక తేలిక భాష ఉండేది. ఇంటిలో మాట్లాడుకునే అసలు మోటు భాష వేరు.

లాజ్ గారు భాష నేర్చుకోవడానికి కూర్చుంటే, వారు ఆయనకు ఆ తేలిక భాషనే చెప్పారట. ఆయన దానినే మోటు భాష అనుకుని శ్రద్ధగా రాసుకున్నారు. ఊరి పిల్లలతో ఆడుకునే ఆయన చిన్న కుమారునికి మాత్రము అసలు భాష అబ్బింది. తండ్రి మాట్లాడేది ఊరివారు తమలో తాము మాట్లాడుకునేది కాదని ఆ పిల్లవాని వలన బయటపడినదని, మోటు భాషను పరిశోధించినవారు రాశారు.

ఇది చదివి నేను పుస్తకము మూసి చాలాసేపు కూర్చున్నాను. వచ్చినవానికి పైమాటలు చెప్పి పంపేస్తారు. తమ మధ్య కూర్చుని ఆడేవానికి లోపలి మాటలు చెబుతారు. మా ఆలయ గుమ్మములో నేను వింటున్నది ఏ భాష? బోరింగు పక్కన మామ్మ వింటున్నది ఏ భాష?

లాజ్ గారు సిగ్గుపడి వదిలిపెట్టలేదు. మరల మొదటి నుండి నేర్చుకున్నారు. 1885లో మోటు వ్యాకరణము, పదకోశము అచ్చయ్యాయి. 1891లో ఆ భాషలో క్రొత్త నిబంధన వెలువడింది. 1884 నవంబరులో ఆంగ్లేయుల నౌకాదళాధికారి అక్కడ తమ జెండా ఎత్తినప్పుడు, ఆ ప్రకటనను ప్రజలకు వారి భాషలో వివరించినది కూడ లాజ్ గారే. ఆ కాలపు తెల్లవారి పెద్దరికము ఆయనను పూర్తిగా విడిచిందని నేను చెప్పను. ఆయనా మట్టి పాత్రయే.

విశ్రాంతి వయస్సులో కొత్త పని

క్రొత్త నిబంధన అచ్చయింది. సంఘాలు ఏర్పడ్డాయి. పసిఫిక్ దీవులకు వచ్చి ముప్పై సంవత్సరాలు దాటాయి. లాజ్ గారికి యాబది అయిదు ఏండ్లు వచ్చాయి. వేడికి, జ్వరాలకు నలిగిన శరీరాలు. ఇప్పుడు స్వదేశానికి తిరిగిపోతే ఎవరూ వేలెత్తి చూపరు.

వారు వేరే పని ఎంచుకున్నారు. 1890ల మధ్యలో పోర్ట్ మోర్స్‌బీని విడిచి, తూర్పున వటొరాటా అనే చోట కొత్తగా కాపురము పెట్టి, యౌవనులైన పాపువా దంపతుల కోసము ఒక శిక్షణాలయము నడిపారు. బోధకులు ఎప్పటికీ ఓడలలో పరదేశము నుండి రాకూడదు, ఈ నేల బిడ్డలే ఈ నేలకు కాపరులు కావాలన్నది వారి ఆశ.

పసిఫిక్ దీవులలో లండన్ మిషన్ వారికి ఒక మంచి పద్ధతి ఉండేది. సమోవా ద్వీపములో 1844లో మలువా అనే చోట ప్రారంభించిన విద్యాలయములో చదివే యువకునితోపాటు అతని భార్యను కూడ చేర్చుకునేవారు. జంటకు ఒక ఇల్లు, కూరనారలు పండించుకోవడానికి కొంత నేల. పాఠము ఉన్నప్పుడు పాఠము, పొలము పని ఉన్నప్పుడు పొలము పని. వటొరాటాలో కూడ ఆ దారే. యువకులు లాజ్ గారి దగ్గర వాక్యము, లెక్కలు, ప్రసంగించుట నేర్చుకునేవారు. వారి భార్యలకు ఫ్యానీ గారు చదువు, కుట్టుపని, ఇంటి శుభ్రత నేర్పేవారు. తోటలో దుంపలు పండిస్తేనే పూటకు కూడు.

జంటలనే ఎందుకు చేర్చుకున్నారు? పల్లెలో మన పని తెలిసినవారికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. కాపరి ప్రసంగము వారానికి ఒక గంట. కాపరి ఇల్లు వారమంతా ఊరికి కనబడే ప్రసంగము. భార్యతో ఎలా మాట్లాడతాడు, అప్పు తీరుస్తాడా, బిడ్డ జబ్బుపడితే మంత్రగాని దగ్గరకు పరుగెత్తుతాడా అని ఊరు చూస్తుంది. పాపువాలో మంత్రగాళ్ల భయము ప్రతి ఇంటిలో ఉండేది. ఆ భయాన్ని భర్త ఒక్కడే విడిచి, భార్య విడువకపోతే ఆ ఇంట వెలుగు ఎలా నిలుస్తుంది?

మరొక సంగతి చూడండి. ఆ దేశములో ఊరికీ ఊరికీ భాష వేరు. ఒకప్పుడు ఒకరిపై ఒకరు ఈటెలు ఎత్తిన తెగల బిడ్డలు ఒకే చోట చదువుకోవాలి, ఒకే దారిలో నీళ్లకు నడవాలి. కలిసి ఉండుట పుస్తకములో దొరికే పాఠము కాదు. కాపురము చేసి చేసి తల నెరసిన ఒక జంట నిత్యము వారి కన్నుల ముందు ఉండుటే అక్కడి పెద్ద పాఠమని నేను నమ్ముతున్నాను. ఇరువది ఏండ్ల వయస్సులో తెలియనివి, అరువది ఏండ్ల వయస్సులో మాటలు అక్కరలేకుండానే ఇవ్వగలము. కోపమును ఎలా మింగాలి, లేమిని ఎలా దాటాలి, దుఃఖము వచ్చినప్పుడు ప్రార్థనను ఎలా విడువకుండ పట్టుకోవాలి అనేవి అలాంటివే.

ఇద్దరు స్నేహితులు

లాజ్ గారికి జేమ్స్ చామర్స్ అనే స్నేహితుడు ఉండేవాడు. ఆయన కూడ అదే మిషన్ సేవకుడు. చామర్స్ గారిది ఒక చోట నిలువలేని మనస్సు. కొత్త నదులు, కొత్త తెగలు వెదకుచు సాగిపోయేవాడు. 1901 ఏప్రిల్‌లో గొరిబరి అనే దీవిలో దిగినప్పుడు ఆయనను, యువ మిషనెరీ ఆలివర్ టామ్కిన్స్‌ను, వారితో ఉన్న స్థానిక సహోదరులను అక్కడివారు చంపివేశారు. ఆ వార్త లోకమంతా పాకింది. నేటికీ మిషనెరీల చరిత్ర చెప్పేవారు చామర్స్ పేరు చెబుతారు.

ఆ వార్త విన్న లాజ్ గారికి అప్పుడు అరువది ఒకటవ ఏడు. పాతికేండ్లకు పైబడిన స్నేహము అలా తెగింది. అయినా వటొరాటాలో పని ఆగలేదు. ఇంకా అయిదేండ్లు వారు అక్కడే ఉన్నారు. హతసాక్షి మరణము గొప్పది. దాని గొప్పతనము తగ్గించను. అయితే స్నేహితుడు పోయిన తరువాత కూడ, పేరు రాని చోట యౌవనస్థుల ఎదుట నల్లబల్ల దగ్గర నిలబడుట చిన్న సంగతి అని మాత్రము ఎవరూ అనుకోవద్దు.

1906లో లాజ్ దంపతులు సెలవు తీసుకుని సిడ్నీ చేరారు. 1907 ఆగస్టులో లాజ్ గారు ప్రభువునందు నిద్రించారు. తరువాత ఫైఫ్ బే అనే చోట సాగిన కాపరుల శిక్షణాలయానికి లాజ్ కళాశాల అని పేరు పెట్టారు. 1962లో ఆ మిషన్ సంఘాలు పాపువా ఎక్లెసియా అనే పేరుతో స్వంత కాళ్ల మీద నిలబడ్డాయి. 1968లో ఇతర సంఘాలతో కలిసి ఐక్య సంఘముగా ఏర్పడ్డాయి. విత్తిన చేతులు అప్పటికి మట్టిలో కలిసి ఆరు దశాబ్దాలు. పంట మాత్రము ఆ నేల బిడ్డల చేతిలో ఉన్నది.

మన అరుగుల మీద

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు కనబడతారు. డేరాలు కుట్టుకుని బ్రతికేవారు. అపొల్లో అనే వాగ్ధాటి గలవాడు సమాజమందిరములో ధైర్యముగా మాట్లాడుచుండగా వీరు విన్నారు. అతని బోధలో ఒక కొరత ఉన్నదని గ్రహించారు. నలుగురిలో లేచి తప్పు పట్టలేదు, వదిలివేయనూ లేదు. అతనిని చేర్చుకుని దేవుని మార్గమును మరింత పూర్తిగా వివరించారు. సంఘానికి ఒక గొప్ప బోధకుడు దొరికాడు. దానికి కావలసినది ఒక ఇల్లు, ఒక జంట, కొంత తీరిక.

మన సంఘాలలో ఈ మూడూ ఉన్నాయి. మనమే వాటిని వెనుక బల్ల మీద కూర్చోబెట్టాము. యౌవనస్థులకు కీబోర్డు కొన్నాము, మైకు కొన్నాము, ఏడాదికి మూడు రోజుల కూడికలు పెట్టాము. ఇవి మంచివే. కాని అప్పులో ఉన్నవాడు మైకులో చెప్పుకోడు. అత్తవారింట కన్నీరు మింగే పిల్ల సాక్ష్యమిచ్చే సమయములో లేచి చెప్పదు. వారికి ఒక అరుగు కావాలి.

పెద్దలైన తలిదండ్రులారా, “మా కాలము అయిపోయింది” అనకండి. కీర్తనకారుడు తల నెరసినప్పుడు దేవుని అడిగినది విశ్రాంతి కాదు, రాబోవు తరానికి ఆయన బలమును తెలియజేసే వరకు తనను విడువవద్దని వేడుకున్నాడు (కీర్తన 71). అయితే లాజ్ గారి మొదటి పాఠమును కూడ గుర్తుంచుకోండి. నేర్పడానికి ముందు వినాలి. “మా రోజులలో అయితే” అని మొదలుపెడితే పిల్లలు మీకు కూడ పైమాటలే చెప్పి వెళ్లిపోతారు. ఆ తేలిక భాష మనకు ఎంత రాసుకున్నా ఉపయోగము లేదు.

కొత్తగా పెండ్లయిన జంటను నెలకొకసారి భోజనానికి పిలవండి. గోంగూర పచ్చడి అయినా చాలు. చదువుకునే పిల్లవానికి దరఖాస్తు నింపడములో సహాయము చేయండి. వారు చెప్పినది బావి దగ్గర మరొకరికి చెప్పకండి. అలా ఒకసారి చెబితే ఆ గుమ్మము మరల తొక్కరు.

యౌవనస్థులారా, మీ దుఃఖమును సెల్‌ఫోనుకు మాత్రమే చెప్పుకోకండి. మీ వీధిలో తలుపు తెరిచి ఉన్న పెద్దల ఇల్లు ఒకటి తప్పక ఉంటుంది.

నా సంగతి కూడ చెప్పాలి. మాస్టారి ఇంటికి వెళ్లి, “ఆ రోజు నేను తప్పు జవాబు చెప్పాను, క్షమించండి” అన్నాను. మాస్టారు ఏమీ అనలేదు. ఆయన భార్య మాత్రము, “కాఫీ తాగుతారా అయ్యగారూ?” అని లోపలికి వెళ్లారు. ఇప్పుడు ప్రతి శుక్రవారము సాయంకాలము ఆ అరుగు మీద దీపము వెలుగుతుంది. నలుగురో అయిదుగురో పిల్లలు వస్తారు. కొన్నిసార్లు ఎవరూ రారు. అయినా వారిద్దరూ కూర్చుంటారు. నేను పిలిస్తేనే వెళతాను. నేను వెళితే పిల్లలు సర్దుకుని కూర్చుని, వేరే మాటలు మాట్లాడతారు మరి.

డోలక్ వాయించే అబ్బాయి ఇంకా తిరిగి రాలేదు. ఎక్కడో కట్టడము పనిలో ఉన్నాడు. నాకు ఫోను చేయడు. మామ్మకు మాత్రము ఆదివారము రాత్రిపూట చేస్తాడు. ఏమి చెప్పాడని నేను అడగలేదు. “బాగున్నాడా అమ్మా?” అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, “బాగాలేడండి. కాని చెబుతున్నాడు” అన్నారు.

ఉదయము విత్తినవాడు సాయంకాలము కూడ చేయి ముడుచుకోరాదని, ఏది ఫలించునో మనకు తెలియదని ప్రసంగి హెచ్చరించాడు (11వ అధ్యాయము). మన సంఘాలలోని ప్రతి వృద్ధ దంపతుల గుమ్మమును ప్రభువు ఒక వటొరాటాగా చేయును గాక. ఆ అబ్బాయి కొరకు ప్రార్థించండి.

మీ సహోదరుడు,
సంఘ కాపరి